బార్లీ బూజు, మొండయ్య మరణ వాంగ్మూలం

సౌదీలోని తబూక్ పట్టణ శివార్లలో ఒక పెద్ద వ్యవసాయ క్షేత్రంలో మొండయ్య నీళ్ల పంపులు బాగుచేస్తాడు. సొంతూరు జగిత్యాల దగ్గర. శుక్రవారం సెలవు కాబట్టి మధ్యాహ్నం అన్నం తిన్నాక బఖాలాకు, అంటే వీధి చివరి కిరాణా కొట్టుకు, వెళ్లి మత్తులేని బార్లీ బీరు తెచ్చుకుంటాడు. రెండో డబ్బాకే అతనికి మాట తడబడుతుంది. అందులో మత్తుండదని ఎవరెంత చెప్పినా ఒప్పుకోడు.

ఆ శుక్రవారం ఎండ మండిపోతోందని ఆరు డబ్బాలు తాగాడు. ఆరోది చేతిలో ఉండగా నవాజ్ వచ్చాడు. నవాజ్‌ది కడప. ఆ క్షేత్రంలోనే ధాన్యం పరీక్షించే ల్యాబులో పనిచేస్తాడు.

"నిన్న బార్లీ లోడు ఒకటి వెనక్కి పంపించినామన్నా," అన్నాడు మంచమ్మీద కూర్చుంటూ. "తడిసి బూజు పట్టింది. ఉడకబెట్టి బీరు చేస్తే బూజు చస్తాది గానీ, దాని ఇసం చావదు. తాగేవాళ్ల దాకా వస్తాది."

మొండయ్య డబ్బా కింద పెట్టాడు. "తాగితే ఏమైతది?"

"కిడ్నీలు, లివరు చెడిపోతాయి. క్యాన్సర్ గూడా రావచ్చు."

ఇంకేదో చెప్పబోతుండగా నవాజ్‌కు ఫోనొచ్చింది. మాట్లాడుకుంటూ బయటికి వెళ్లాడు.

మొండయ్యకు కడుపు ఉబ్బి నొప్పి మొదలైంది. తన పని అయిపోయిందని అర్థమైపోయింది. వెంటనే భార్యకు ఫోన్ చేశాడు.

"ప్రేమా, నాకు బూజు విషం ఎక్కింది. పోయే ముంగట ఒక నిజం చెప్తున్న. ఆరేండ్ల సంది నువ్వు పంపుతున్న నువ్వుల లడ్డూలు ఒక్కటి గూడ తినలే. రాళ్ల లెక్క ఉన్నయి. వాటితోని గోడకు మొలలు కొట్టిన."

"అవి నేను చేసినయి గావు," అంది ప్రేమలత. "మా అమ్మ చేస్తది. పండ్లు ఊడుతయని నేను గూడ తినను."

"మీ అమ్మకు చెప్పకు."

"ఫోన్ స్పీకర్ల ఉన్నది. అమ్మ పక్కనే ఉన్నది."

అత్త ధడాలున తలుపు వేసిన చప్పుడు తబూక్ దాకా స్పష్టంగా వినిపించింది.

నవాజ్ తిరిగొచ్చేసరికి మొండయ్య వెల్లకిలా పడుకుని, చేతులు రెండూ ఛాతీ మీద పెట్టుకుని ఉన్నాడు. నవాజ్ హడలిపోయి క్లినిక్‌కు తీసుకెళ్లాడు. డాక్టరు పొట్ట మీద ఒక్క నొక్కు నొక్కాడు. మొండయ్య తేన్చాడు. పక్కగదిలోని నర్సు వచ్చి తొంగి చూసింది. ఆ తర్వాత నొప్పి లేదు.

"ఉత్త గ్యాసంటన్నా," డాక్టరు అరబీలో చెప్పినదాన్ని నవాజ్ తెలుగులో చెప్పి, తన మాటా కలిపాడు. "ఆ బార్లీ అసలు ఫ్యాక్టరీ మొగమే చూడలా. ఆ ఇసమైనా ఎక్కువెక్కువగా, ఏండ్ల తరబడి లోపలికి పోతే ఆ జబ్బులు. అట్ల పోకూడదనే గదా మేం పరీక్ష చేసేది."

"గా ముక్క ముందుగాల చెప్పద్దా?"

"ఫోనొచ్చె గదన్నా."

వారం రోజులు అత్త మాట్లాడలేదు. ఎనిమిదో రోజు తనే ఫోన్ చేసి, కిడ్నీలు ఎట్లున్నయని అడిగింది. బాగున్నయని మొండయ్య ఎంతో వినయంగా చెప్పాడు.

"మంచిది," అని ఆమె పెట్టేసింది.