అచ్చనగాయ ఉంగరం

అది 1968. యూనివర్సిటీలో జియాలజీ చదివే వాగ్దేవి తార్నాకలో కంసాలి వీరాచారి ముందు ఒక గులకరాయి పెట్టి, వెండి ఉంగరంలో పొదగమంది.

"గిది జాతిరాయి కాదు బిడ్డా," అని అతను విసుక్కున్నాడు.

"నాకూ తెలుసు. చనిపోయిన మా అమ్మ చిన్నప్పుడు అచ్చనగాయలాడిన రాయి ఇది."

"అయితే సాన పడత, మెరుస్తది."

"వద్దు! అమ్మ చేతిలో అరిగిన నునుపు పోతుంది."

వారం తర్వాత క్లాసులు కాగానే వచ్చి ఉంగరం తిప్పి చూసింది. రాయి వెనక వెండి రేకు వేయలేదు, అంతా ఖాళీ. ఆమెకు ఒళ్ళు మండింది.

"పని సగంలో ఆపేశారేం?"

"ముందుగాల వేలికి పెట్టుకో," అని వీరాచారి కసిరాడు.

పెట్టుకుంది. రాయి చల్లగా వేలిని తాకింది.

"వెనక మూసేస్తే మీ అమ్మ చెయ్యి నీకెట్ల తగుల్తది?"