యాభై నాలుగు పౌన్లు తక్కువ

పందేనికి ముందు తూకం వేసే కాటా మీద కారు ఆగింది. డ్యూయీ కాబ్ అంకె వంక చూశాడు, సీట్లో ఉన్న వెర్లా వంక చూశాడు, గొంతు సవరించుకున్నాడు. చిన్నప్పుడు బడిలో పక్కన కూర్చున్నవాడు, అబద్ధం చెప్పబోయే ముందు ఏం చేస్తాడో ఆమెకు తెలియదా?

"సరిపోయింది, పో."

"ఎంతుందో చదువు."

"సరిపోయిందన్నాను కదే!"

వెర్లా కిటికీలోంచి తనే చూసింది. ఈ పందెంలో కారూ మనిషీ కలిసి కనీసం మూడువేల రెండువందల పౌన్లు తూగాలి; బరువు తగ్గితే కారు అంత వేగం. యాభై నాలుగు తక్కువ. కారులో ఒక్క బోల్టు మారలేదు. తగ్గిందల్లా ఆమే. ఏడాదిపాటు క్యాన్సర్ తినగలిగినంత తిని పోయింది.

డ్యూయీ గొంతు తగ్గించాడు. "ఈ ఒక్క పూటకీ ఎవడడుగుతాడే? నువ్వు మళ్లీ వచ్చావు, అదే చాలు మాకు."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. పొద్దున్నుంచీ ఇదే వరస. టైరు మోస్తుంటే ఇద్దరు లాక్కున్నారు. పక్క వరుసలో పోటీకి నిలవాల్సిన రాండల్, పాతికేళ్లుగా ఆమెను తిట్టందే పలకరించనివాడు, "ఒంట్లో ఎలా ఉందండీ?" అని అడిగాడు. అండీ అట! ఇంకా బతికే ఉంది కదా తను!

"దొంగ తూకం ముష్టి వేస్తావురా నాకు?" అని కారు దిగింది.

షెడ్డులోంచి సీసం దిమ్మలు రెండు మోసుకొచ్చింది, ఒక్కోటి ఇరవై ఎనిమిది పౌన్లు. దారిలో రెండుసార్లు దింపి మళ్లీ ఎత్తుకుంది. డ్యూయీ అందుకోబోతే "ముట్టుకున్నావంటే పానా విసురుతా" అంది. డిక్కీలో, వెనక చక్రాల దగ్గర, కదలకుండా బోల్టులు బిగించింది. మళ్లీ కాటా ఎక్కింది. కాటా రెండు పౌన్లు ఎక్కువే చూపించింది.

"ఇప్పుడు రాయి."

పచ్చదీపం వెలిగింది. పావుమైలులో ముప్పాతిక దాకా వెర్లాయే ముందు. చివర్లో రాండల్ దాటేశాడు, సెకనులో రెండు నూరోవంతుల తేడాతో.

ఆమె కారు తిరిగొచ్చేసరికి డ్యూయీ ఎదురు పరుగెత్తాడు. "నా మాట వినుంటే నువ్వే గెలిచేదానివి కదే, మొండిదానా!"

"నీ జాలి గెలిచేదిరా. ఇప్పుడు ఓడింది మాత్రం అచ్చంగా నేనే. ఏడాదిగా అందరూ నాకు దారి ఇచ్చేవాళ్లే. నన్ను ఓడించడానికి ఒక్కడు కష్టపడ్డాడా?"

రాండల్ కారు పక్కనే ఆగింది. దిగి, ఆమె కారు డిక్కీ ఎత్తి సీసం దిమ్మల్ని చాలాసేపు చూశాడు. చెమట తుడుచుకున్నాడు.

"ఏమే ముసలీ, నా ప్రాణం తీశావు కదే! ఇంతకీ నా పొగ రుచి ఎలా ఉంది?"

వెర్లా కళ్లు నిండాయి. ఇంత సంతోషం ఆమెకు డాక్టరు నయమైందని చెప్పినరోజు కూడా కలగలేదు.

"నోర్ముయ్యరా పందిమొహమా," అంది.