డీజిల్ ఇంజన్, అత్త నోరు

పొద్దున్నే డ్రైవరమ్మ కారు కింద పరిచిన అట్టముక్క లాగి చూస్తుంది. రాత్రంతా ఎంత నూనె కారిందో తేల్చుకున్నాక, బానెట్ మీద ఒక్కటిచ్చి స్టార్ట్ చేస్తుంది. అది తండ్రి నడిపిన కారు. తలుపుల అడుగున తుప్పు చిల్లులు. అందులోనే ఆసుపత్రి ఆయాలనీ, కూరగాయలమ్మే వాళ్ళనీ ఎక్కించుకుని తిప్పుతుంది. లోపలివాళ్ళు నవ్వితే కారు నేల విడిచి లేస్తుంది, తేలుతూ ముందుకు పోతుంది, నవ్వాగితే దిగుతుంది. వీధిలో ఎవరూ తల తిప్పి చూడరు. ఆ గుంతల రోడ్డు మీద లేవకపోతే నడుములేం కావాలి?

కానీ పెట్రోలు మాత్రం ఏనుగు నీళ్ళు తాగినట్టు తాగేస్తోంది. డీజిల్ ఇంజన్ వేయించకపోతే కారు తుక్కుకి, తను మళ్ళీ బట్టల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టడానికి. 

మెకానిక్ ఆమె బావే, మేనత్త కొడుకు. సుత్తితో కారు అడుగు చట్రాన్ని కొట్టి చూశాడు. మంచి ఇనుము ఖంగుమంటుంది. ఇది డొబ్బుమంది. స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగింది.

"ఇది కారు కాదే మరదలా, జల్లెడ. డీజిల్ ఇంజన్ బరువుకీ, అదురుకీ ముందు భాగం ఊడి చేతికొస్తుంది."

"అతుకులెయ్యి బావా."

"అతుకు వెయ్యడానికి పక్కన ఇనుముండాలిగా! తుప్పుకి తుప్పునతికించనా?"

"నవ్విస్తే లేస్తుందిగా! లేచినదానికి బరువేంటి?"

"నవ్వాగాక?"

 అయినా మొండిది కదా, పెట్టి చూడమంది. బావ ఓ పాత వ్యాన్ ఇంజన్ని గొలుసుతో వేలాడదీసి, మెల్లగా కార్లోకి దించాడు. కారు మూలిగింది. ముక్కు నేలకానించింది.

ఇద్దరూ ఎక్కారు. బావ ఓ జోకు చెప్పాడు. కారు ఇంకో అంగుళం దిగింది. డ్రైవరమ్మ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. దొంగ నవ్వుకి లేవడానికి అదేం పిచ్చిదా? బావ దిగి మళ్ళీ సుత్తి అందుకున్నాడు.

అప్పుడొచ్చింది అత్త, కొడుక్కి క్యారియర్ పట్టుకుని. బస్టాండులో టిక్కెట్లిచ్చి రిటైరైన మనిషి. క్యూలో ఉన్నవాళ్ళని తిడుతూ హాయిగా బతికింది. ఇప్పుడు నోటికి పని లేదు. ఆ నోటికి జడిసి చుట్టాలు పిలవడం మానేశారు, ఇంట్లో గోడల్ని తిట్టుకుంటోంది. ఆడదాని నోరు పెద్దదని అందరూ అంటారు గానీ, తమ చెవులే చిన్నవని ఒక్కడూ ఒప్పుకోడు.

క్యారియర్ నేల మీద పెట్టి, మోకాళ్ళ నొప్పులంటూ వెనక సీట్లో కూలబడింది.

"ఏంట్రా ఆ కొట్టుడు?"

"గట్టిదో, డొల్లదో చూస్తున్నానమ్మా."

"పెళ్ళికి ముందు మీ ఆవిడ నిన్నిలా సుత్తితో కొట్టి చూసుంటే, పాపం, ఈపాటికి సుఖంగా ఉండేది కదరా! నువ్వేంటే, తుమ్మొచ్చి రానట్టు ఆ మొహం?"

డ్రైవరమ్మకి నవ్వు తన్నుకొచ్చింది. కారు ముక్కు లేచింది. గొలుసు వదులై గలగలమంది. బావ కంగారుగా లోపలికి దూకి, తనూ ఆపుకోలేక పకపకా నవ్వేశాడు. ఇంజన్‌తో సహా కారు దాదాపు షెడ్డు కప్పు దాకా లేచింది. బావ కిటికీలోంచి తల వేలాడేసి అడుగు భాగం చూశాడు. ఎక్కడా కిర్రుమనలేదు.

"దించండ్రా! క్యారియర్ కిందుండిపోయింది, పిల్లి చూస్తోంది!" అని అరిచింది అత్త. దాంతో ఇంకో జానెడు లేచింది.

ఎప్పటికో దిగాక బావ కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇంజన్ బిగిస్తానే. కానీ అమ్మ ఎక్కకుండా బండి కదలకూడదు."

"మరి నవ్వాగాక అన్నావుగా?"

"మా అమ్మ నోరు ఆగిందెప్పుడు?"

అత్త కొడుకువైపు ఓసారి, ముందు సీటువైపు ఓసారి చూసింది. ఆ ఒక్క క్షణమే ఆగింది ఆ నోరు.

ఇప్పుడు డీజిల్ ఇంజన్ డుగడుగమంటోంది. అత్త ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చుంటుంది. ఆమె చేత తిట్లు తినడానికి జనం తోసుకుని ఎక్కుతారు. పొద్దున డ్రైవరమ్మ కంటే ముందు ఆమే లేస్తోంది. కళ్ళజోడు తుడుచుకుని, మేనకోడలి తలుపు దబదబా బాదుతుంది.

"లేవవే మొద్దూ! అక్కడ నా కోసం జనం ఎదురుచూస్తుంటారు!"