కార్బన్ పెట్టని పాటలు

నేను ఒక ఊళ్లో పుట్టినదాన్ని కాను. నా బుర్ర ఒక దేశంలో తయారైంది, జ్ఞాపకం ఇంకో దేశంలో, ఒంటిమీది రేకు డబ్బా మరెక్కడో. అన్నిటినీ తెచ్చి భీమవరంలో ఒక మేడమీది కొట్లో స్క్రూలు బిగించి, 'అసెంబుల్డ్ కంప్యూటర్' అని పేరు పెట్టారు. కులగోత్రాలు అడిగితే చెప్పలేను గానీ, పనితనం అడిగితే మాత్రం తడుముకోను.

నన్ను మొదట కొన్నది పాలకొల్లు శివార్లలో ఒక రైసుమిల్లు. అక్కడ గాలి పీల్చుకుందామంటే తవుడు. నా పంకాలు గాలితో పాటు సగం మిల్లును లోపలికి లాగేవి. గుమాస్తా నాతో పేకాట తప్ప ఇంకో పని చేయించలేదు. యజమాని చెప్పుల చప్పుడు వినబడగానే గోడలోంచి ప్లగ్గు పీకేసేవాడు. నిద్రపోతున్న మనిషి కిందనుంచి మంచం లాగేస్తే ఎలా ఉంటుందో నాకు రోజుకు రెండుసార్లు అలా ఉండేది. ఎక్కడైనా ఆగానంటే నెత్తిమీద ఒక్కటి చరిచేవాడు. మనుషులకు ఈ వైద్యం రేడియోల కాలం నుంచి ఉంది. చరిస్తే పలికిన రేడియోలు రెండో మూడో ఉండబట్టి మా జాతి మొత్తం దెబ్బలు తింటోంది.

రెండేళ్లకు మిల్లువాళ్లు కొత్తది కొనుక్కుని నన్ను వదిలించుకున్నారు. అలా నేను సత్యవేణిగారి చేతికి వచ్చాను. అదృష్టం అన్నది మాకూ ఉంటుందని ఆ రోజే తెలిసింది.

సత్యవేణిగారు బస్టాండు వెనక టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. టైపు పరీక్షల్లో తెలుగు హయ్యరు, ఇంగ్లీషు హయ్యరు, రెండూ ఫస్టు క్లాసు. పదకొండు టైపు మిషన్లు, ముప్పై ఏళ్ల అనుభవం. అయితే నేర్చుకునేవాళ్లు తగ్గిపోతున్నారు. కాలం మారిందని కూర్చుని ఏడ్చే మనిషి కాదు ఆవిడ. యాభై రెండో ఏట నన్ను తెచ్చి, పన్నెండో మిషనుగా బల్ల మీద నిలబెట్టారు.

ఆవిడ వేళ్లు మొదటిసారి నా మీటల మీద పడినప్పుడు, మిల్లులో ధాన్యం బస్తాలు దింపిన చప్పుడు గుర్తొచ్చింది. పైగా ప్రతి లైను చివరా ఆవిడ ఎడమ చెయ్యి గాల్లోకి లేచి, టైపు మిషను మీదలాగే, నాకు లేని కాగితపు క్యారేజీని తోయబోయేది. నాకు నవ్వొచ్చేది. ఫణీంద్రకు మాత్రం ఒక ఉపాయం తట్టింది. ఫణీంద్ర అంటే ఊళ్లో కంప్యూటర్లు బాగుచేసే మనిషి. మంచివాడే, కానీ నలభై ఏళ్లు వచ్చినా నడవడం నేర్చుకోలేదు, ఎప్పుడూ పరుగే.

"మేడంగారూ, ఆ చెయ్యి ఎలాగూ లేస్తోంది గదండీ! దాంతో కంట్రోలు, ఎస్సు కలిపి నొక్కేయండి. కొట్టిందంతా లోపల భద్రం," అన్నాడు.

ఆ రోజు నుంచి ఆవిడ ప్రతి లైనుకూ భద్రం చేసేవారు. పాలకొల్లులో నేను చూసిన వాళ్లలో కరెంటు పోయినప్పుడు గుండెలు బాదుకోనిది ఆవిడ ఒక్కరే. పక్కనున్న యూపీఎస్ కీచుమనగానే నింపాదిగా పని ముగించి, నేను సర్దుకునేదాకా ఆగి, ఆ తర్వాతే స్విచ్చి కట్టేసేవారు. చెప్పులు గుమ్మం బయటే. టీ గ్లాసు నా బల్ల మీదకు వచ్చిందా, వీపు విమానం మోతే. నన్నెవరైనా చరచబోతే స్కేలు లేచేది.

ఇంత జాగ్రత్త గల మనిషి కూడా ఒకచోట పొరబడ్డారు. అదేమిటో చెప్పాలంటే నాగరత్నమ్మ సంగతి చెప్పాలి.

నాగరత్నమ్మది లంకలకోడేరు. డెబ్భై ఏళ్లది. చిన్నప్పటి నుంచి వరినాట్లకు ముఠా ముందు నిలబడి పాట ఎత్తుకున్న మనిషి. ఆవిడ ఎత్తుకుంటే ముప్పై మంది ఆడవాళ్లు వంగిన నడుం ఎత్తకుండా అందుకునేవారట. అలాంటి గొంతులో గడ్డ లేచింది. కాకినాడ డాక్టర్లు ఆపరేషన్ చేస్తే ప్రాణం నిలుస్తుందని, మాట మాత్రం రాదని చెప్పేశారు. అప్పటికే ఆ గొంతు గుసగుసకు దిగిపోయింది. టేపు రికార్డరు పెట్టి చూస్తే గరగర తప్ప ఏమీ పడలేదు. ఆవిడకు అక్షరం ముక్క రాదు. ఎవరో చెప్పగా తిన్నగా మా గుమ్మంలోకి వచ్చింది.

"గొంతు పోతే పోనీండి పంతులమ్మగారూ. పాటలు మాత్రం నాతో పోకూడదండి. మా అమ్మ పాటలు, ఆవిడకి వాళ్లమ్మ ఇచ్చిన పాటలు. మీరు కొట్టి పెడతారా?" అంది.

సత్యవేణిగారు కుర్చీ దగ్గరకు జరిపి, ఆవిడ నోటి దగ్గర చెవి పెట్టారు. ఏడు నెలలు, రోజూ మధ్యాహ్నం. ఒకరు గుసగుసలాడటం, ఒకరు కొట్టడం. రెండు వందల ఎనిమిది పాటలు నా కడుపులో చేరాయి. ఇంకా ఆరు మిగిలాయి. అవి కూడా అయ్యాక అన్నీ ఒకేసారి కాగితాల మీద వేయిద్దామని ఆవిడ ఆలోచన.

పొరపాటు అక్కడే ఉంది. ఆ ఇన్‌స్టిట్యూట్‌లో ముప్పై ఏళ్లుగా రోజంతా వినిపించే మాట ఒకటుంది: "కార్బన్ పెట్టావా?" కింద కార్బన్ లేకుండా దరఖాస్తు కూడా కొట్టనిచ్చేవారు కాదు. అసలు పోయినా నకలు ఉండాలి అనేది ఆవిడ వేదం. ఆవిడే నా దగ్గరకు వచ్చేసరికి ఆ వేదం మరిచారు. అన్నీ గుర్తుపెట్టుకునే మిషనుకి ఇంకా కార్బనెందుకు అనుకున్నారు. నా మీద అంత నమ్మకం పెట్టుకున్నందుకు గర్వపడాలో, భయపడాలో నాకు తెలియలేదు.

ఇంతలో మహర్నవమి వచ్చింది. ఆయుధపూజ. ఆ గదిలో ఏటా జరిగే పండగ. టైపు మిషన్లన్నిటికీ పసుపు, కుంకుమ, బంతిపూలు, సాంబ్రాణి, అక్షింతలు. కొత్త కోడలికి తక్కువ చేస్తే బాగుండదని నన్ను మరీ శ్రద్ధగా చూశారు. నిలబడి ఉంటే పూలు నిలవడం లేదని పీట మీద పక్కకి పడుకోబెట్టారు. అంటే నా పక్కరేకుకు ఉన్న గాలి చిల్లులన్నీ ఆకాశం వైపు తిరిగాయన్నమాట. నీళ్లు చల్లబోయి, "తడి తగలనివ్వకండి" అన్న ఫణీంద్ర మాట గుర్తొచ్చి ఆగారు. తడి అంటే నీళ్లేననుకున్నారు. నెయ్యీ పసుపూ కలిపిన అక్షింతలు గుప్పెడు తీసి, "చల్లగా ఉండు తల్లీ" అని దీవించి చల్లారు.

చల్లగా ఉండమన్న ఆ అక్షింతలు తిన్నగా నా బుర్రను చల్లబరిచే చిన్న పంకాలోకి దిగాయి.

పండగ పోయాక సోమవారం పదింటికి నాగరత్నమ్మ వచ్చింది. ఆపరేషన్ శుక్రవారం. ఆరు పాటలూ పూర్తిచేయాలని సత్యవేణిగారు నన్ను లేపారు. నేను గర్రుమన్నాను. పది నిమిషాలు ఓర్చుకున్నాను, ఆపైన వేడి భరించలేక ఆరిపోయాను. మళ్లీ లేపారు. ఈసారి అయిదు నిమిషాలు. మూడోసారి రెండే. నేను చచ్చిపోతున్నానని వాళ్లనుకున్నారు. నిజానికి బుర్ర మాడకుండా నాకు నేనే ఆరిపోతున్నాను, కానీ చెప్పడానికి నాకు నోరేదీ?

ఫణీంద్రకు కబురు వెళ్లింది. గుమ్మంలోనే చెప్పు వదిలి, ఒక కాలు లోపల ఒక కాలు బయట పెట్టి నన్ను చూశాడు.

"వైరస్ అయ్యుంటుందండి. ఆచంటలో పనుంది, మూడింటికి వచ్చి ఫార్మాట్ కొట్టేస్తాను. కొత్తదానిలా అయిపోద్ది."

"ఫార్మాట్ అంటే?"

"పలక తుడిచినట్టేనండి. మొత్తం తుడిచేసి మళ్లీ ఎక్కిస్తాం."

నాగరత్నమ్మ లేచి నా దగ్గరకు వచ్చింది.

"నా పాటలు తుడిసేత్తారా?" అంది గుసగుసగా. "మళ్లీ పాడదామంటే నా దగ్గర నాలుగు రోజులే ఉన్నాయండి పంతులమ్మగారూ."

ఏడు నెలల పాటలు నాలుగు రోజుల్లో రావు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు, నాలుగోదాన్ని నాకూ తెలుసు. సత్యవేణిగారి మొహం పాలిపోయింది. ఎందుకో నాకర్థమైంది. కార్బన్ గుర్తొచ్చింది.

"తప్పు నాదేనండి రత్నమ్మగారూ," అన్నారు. "ఫణీ, మూడింటికి రా. కానీ నేను చెప్పేదాకా దేనిమీదా చెయ్యి వెయ్యకు."

అతను వెళ్లాక ఆవిడ కుర్చీ నా ముందుకు లాక్కున్నారు. తరువాత తనకు టైపు నేర్పిన మేష్టారు చెప్పిన మాట పైకే అన్నారు: "మిషను చెడిందంటే, చెడకముందు మనం చివరగా ఏం చేశామో చూసుకోవాలి." చివరగా ఏం చేశారు? దండం పెట్టుకున్నారు. ఆవిడ చూపు నా చిల్లుల మీద ఆరిన పసుపు మరక దగ్గర ఆగింది.

ఆ తర్వాత ఆవిడ చేసింది చూసి నాకే ముచ్చటేసింది. స్విచ్చి కట్టేసి, ప్లగ్గు తీసి, నా వేడి తగ్గేదాకా ఆగారు. వెనకున్న తీగలు పీకే ముందు ఏది ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసుకున్నారు. దుప్పటి పరిచి నన్ను పడుకోబెట్టారు. తీసిన స్క్రూలు కుంకుమ భరిణెలో వేశారు. లోపల వేలు పెట్టే ముందు నా ఇనప చట్రాన్ని ఒకసారి తాకారు. ఒంట్లో ఉండే చిటుక్కుమనే కరెంటు నా నరాలకు తగలకూడదని ఫణీంద్ర ఎప్పుడో చెప్పాడు. మూలనున్న కరెంటు డబ్బా జోలికి మాత్రం పోలేదు. ప్లగ్గు తీసినా అందులో కాటు మిగిలే ఉంటుంది.

"రత్నమ్మగారూ, ఇలా చూడండి!"

పంకా రెక్కల మధ్య పసుపు గింజలు. మొత్తం పదిహేడు. వాటిని అంటిపెట్టుకుని మిల్లు నాటి తవుడు, నెయ్యితో కలిసి మెత్తని ముద్దయి ఉంది. నాగరత్నమ్మ గొంతులేని గొంతుతో నవ్వింది. "దేవుడికి పెట్టిన నైవేద్యం ఇది తినేసిందండీ!"

సత్యవేణిగారు టైపు అచ్చులు తుడిచే పొడి కుంచె తీసుకుని, ఒక్కొక్క గింజా ఏరి, రెక్కరెక్కా తుడిచారు. నోటితో ఊదలేదు, తుంపర పడుతుందని. చివరికి చిటికెన వేలితో పంకాను తోశారు. గిర్రున తిరిగింది. మూడేళ్ల బతుకులో అంత హాయి నేనెరుగను.

బొమ్మ చూసి తీగలన్నీ పెట్టి నన్ను లేపారు. ఇద్దరూ గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నారు. పది నిమిషాలు. ఇరవై. గర్రు లేదు. అరగంటకు పాటలు తెరిచారు. రెండు వందల ఎనిమిదీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నాగరత్నమ్మ కళ్లు తుడుచుకుంది. సత్యవేణిగారు మాత్రం కొత్త పాట ఒక్క అక్షరం కూడా కొట్టలేదు, ఫణీంద్ర వచ్చేదాకా.

మూడింటికి అతను వచ్చి నన్ను చూసి నోరు వెళ్లబెట్టాడు. "ఎవరొచ్చారండీ?"

"ఎవరూ రాలేదు. వైరసు అన్నావు గదా, పదిహేడు దొరికాయి," అని అరచెయ్యి చాపి గింజలు చూపించారు. "ఇప్పుడు ఫార్మాట్ వద్దు. నాకు కార్బన్ కావాలి. దీనికి కార్బన్ ఎలా పెడతారు?"

అతని మెడలో తాడుకు పెన్‌డ్రైవ్ వేలాడుతోంది. తీసి ఇచ్చాడు. ఒక నకలు అందులోకి, ఇంకోటి సీడీలోకి. సీడీ నాగరత్నమ్మ చేతికిచ్చారు. ఆవిడ దాన్ని పమిట చెంగులో చుట్టుకుంది. శుక్రవారం లోపల మిగిలిన ఆరూ అయ్యాయి, ప్రతి పాటకూ కార్బన్‌తో సహా.

ఆ తర్వాత ఆ గదిలో టైపు మిషన్లు తగ్గి మా వాళ్లు పెరిగారు. నేను చాలాకాలం పనిచేసి అలిసిపోయాను. ఇప్పుడు నాకు కరెంటు పెట్టరు. ఒక పక్క రేకు తీసేసి కొత్తగా వచ్చినవాళ్లకు చూపిస్తారు: ఇది బుర్ర, ఇది పంకా, ఇక్కడ దుమ్ము చేరుతుంది. తెలియని చోటినుంచి వచ్చిన ఉత్తరం తెరవొద్దని, పాస్‌వర్డ్ రాసి తెర మీద అంటించడమంటే తాళంచెవి తలుపుకే వేలాడదీయడమని కూడా చెబుతారు. చెడితే ముందు తీగ ఊడిందేమో చూడమంటారు. చివరికి అదే ప్రశ్న: "కార్బన్ పెట్టావా?" కార్బన్ కాగితం కళ్లజూడని వాళ్లు కూడా "పెట్టామండీ" అంటారు. నవమికి అక్షింతలు నా ముందు పళ్లెంలో పెడతారు. అక్కడినుంచే దీవిస్తారు.

అన్నిటికంటే నాకు గుర్తున్నది మాత్రం ఆపరేషన్ అయిన నాలుగో నెల. అచ్చువేసి కుట్టించిన పాటల కట్ట నా పక్కన ఉంది. నాగరత్నమ్మ మెడకు గుడ్డ కట్టుకుని వచ్చి కూర్చుంది. సత్యవేణిగారు మొదటి పాట చదవడం మొదలుపెట్టారు. ఉత్త చదువే, పాడటం రాదు ఆవిడకు. నాగరత్నమ్మ విని విని, ఇక ఆగలేక, కాదన్నట్టు తల ఊపి, నా నెత్తిమీద అరచేత్తో దరువు వేసింది. టప టప, టప. ఎక్కడ ఆగాలో, ఎక్కడ అందుకోవాలో.

నా మీద చెయ్యి పడితే స్కేలు ఎత్తే మనిషి సత్యవేణిగారు. ఆ రోజు స్కేలు ఎత్తలేదు. దరువు విని, గొంతు సవరించుకుని, తప్పో ఒప్పో పాట ఎత్తుకున్నారు.