ఖరాబైన క్యాసెట్

రోజూ పొద్దున మరమగ్గాల షెడ్డుకు పోయేముందు అంబదాస్ పెట్టెలోంచి ఒక క్యాసెట్ తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, వెలుతురుకు ఎత్తి చూసి మళ్లీ లోపల పెట్టేవాడు. రోజుకొకటి. అన్నీ దూరదర్శన్ పాత సీరియళ్ల సంగీతమే. తెర మీద పేర్లు పడేటప్పుడు వినిపించేది, నిమిషమో నిమిషమున్నరో సాగేది. వాటిని పట్టేటప్పుడు కథ మొదలవగానే టేపు ఆపేసేవాడు. ఖాళీ క్యాసెట్ దొరకడమే గగనమైన రోజులవి.

పదహారేళ్లప్పుడు పక్కింటి కిటికీకి టేప్‌రికార్డర్ ఆనించి పట్టిన సంగీతం అది. అప్పట్లో అంబదాస్ ఇంట్లోనే నాలుగు సాంచెలు ఆడేవి. మరమగ్గాన్ని ఆ ప్రాంతంలో సాంచె అంటారు. తనకు చిక్కనివాటి కోసం అంబదాస్ జమ్మికుంట పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగాడు. బాసరలో ఒక ముసలి పోస్ట్‌మాస్టర్ ఇంటి అటక కూడా దులిపాడు.

ఆయన స్వయంగా పట్టిన క్యాసెట్ పెడితే దగ్గర్లోని సాంచెలు ఆగిపోయేవి. సంగీతం ఉన్నంతసేపూ ఆగి, అయిపోగానే ఆడేవి. బయటి నుంచి తెచ్చినవాటికి మాత్రం ఆగేవి కావు. వాడకట్టులో ఈ సంగతి అందరికీ తెలుసు. పసిపిల్ల నిద్రపోకపోతే "అంబదాసన్నా, జర ఒకటి పెట్టరాదూ" అని తల్లులు కేకేసేవాళ్లు. షెడ్డు యజమాని, సేటు ఓంప్రకాశ్‌కూ తెలుసు. అందుకే షెడ్డు తలుపు మీద పెద్ద అక్షరాలతో రాయించాడు: "బీడీలు, సెల్‌ఫోన్లు, క్యాసెట్లు నిషేధం."

ఆ షెడ్డులో పన్నెండు గంటల పని. అన్నానికంటూ వేరే సమయం లేదు. ఆడుతున్న సాంచెల నడుమ నిలబడి, కళ్లు దారం మీద పెట్టి, గిన్నెలోంచి ముద్దలు మింగాలి. మాఘమాసంలో ఒక మధ్యాహ్నం కిష్టవ్వ అట్లా తింటుంటే కొంగు బెల్టులోకి పోయింది. లాక్కోబోయిన కుడిచేతికి రెండు వేళ్లు పోయాయి. గిన్నెలోని పప్పన్నం గుడ్డ మీద పడింది. గుడ్డ పాడైందని సేటు అరిచాడు. అవును, గుడ్డ గురించే.

అంబదాస్ కూతురు దీపిక డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. మధ్యాహ్నం అరగంట సాంచెలు బంద్ పెట్టాలని ఆమె ఒక కాగితం రాసింది. కార్మికుల్లో పదకొండు మంది సంతకాలు చేశారు. వాళ్లలో కిష్టవ్వ ఎడమచేత్తో వేలిముద్ర వేసింది.

ఓంప్రకాశ్ కాగితాన్ని చదివి మడిచి దాంతో విసురుకున్నాడు.

"సాంచెకు ఆకలైతదా పిల్లా? బాపేమో గాయకుడు, బిడ్డేమో లీడరు. ఇంట్ల మంచి సర్కసే పెట్టిండ్రు. సోమవారం పన్నెండింటి దాకా టైమిస్తున్న. కాయితం వాపస్ తీస్కోండ్రి. లేకుంటే పదకొండు మందీ ఇంటికే. ముందుగాల గా వేళ్లు లేని ముసల్దే."

దీపిక ఇంటికొచ్చేసరికి తండ్రి క్యాసెట్ తుడుస్తున్నాడు. ఆమెకు ఒళ్లు మండింది.

"షెడ్డు షెడ్డంతా ఆపే సామాను ఇంట్ల ఉంటే, దుమ్ము తుడుసుకుంట కూసుంటవా బాపూ?"

"అది వినేటందుకు బిడ్డా. కొట్లాటకు కాదు."

"శ్రమను దోచుకునేటోడి ముందు మౌనంగుంటే దోపిడీకి వంతపాడినట్టే!"

"గంత పెద్ద మాటలు నాకు రావు. అయినా ఒక్క నిమిషం ఆగుతయి. నిమిషంల ఎవలు తింటరు?"

"ఒకదాని ఎనుక ఒకటి అతికిస్తే అరగంటైతది. ఇస్తవా, ఇయ్యవా?"

అంబదాస్ చేతిలోని క్యాసెట్ లోపల పెట్టి, పెట్టెను ఆమె వైపు తోశాడు.

కరీంనగర్‌లో దీపిక క్లాస్‌మేట్ భానుప్రసాద్‌కు కంప్యూటర్ దుకాణముంది. ఆదివారం సాయంత్రానికల్లా అతడు సంగీతమంతా ఫోన్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. "ఎనుక ఒకటే గరగర ఉండె. మొత్తం కడిగేసిన. ఇప్పుడు అద్దమే!" అన్నాడు గర్వంగా.

సోమవారం పన్నెండింటికి దీపిక షెడ్డు గేటు ముందు ఆటో నిలిపి, దాని మీద మైకు పెట్టించి సంగీతం మొదలుపెట్టింది. సితారు తేటగా మోగింది. తర్వాత పిల్లనగ్రోవి వినబడింది.

సాంచెలు ఆడుతూనే ఉన్నాయి.

ఆమె శబ్దం పెంచింది. ఒక్కటీ ఆగలేదు. తలుపు దగ్గరికొచ్చిన మల్లేష్ నవ్వాడు. సంతకం పెట్టనివాళ్లలో అతడొకడు. "మస్తుగుంది చెల్లే, పెండ్లికి పెట్టుకో." ఓంప్రకాశ్ కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు. దీపిక పిడికిలెత్తి నినాదాలిచ్చింది. శ్రమజీవుల ఐక్యత అంది, సంకెళ్లు అంది. గొంతు చిరిగేలా అరిచింది. సాంచెల మోతలో ఆమె నోరు కదలడం తప్ప ఎవరికీ ఏదీ వినపడలేదు.

అప్పుడు అంబదాస్ తన సాంచెలను విడిచి బయటికొచ్చాడు. సేటును అడగలేదు. ఆయన అట్లా రావడం ముప్పై ఏళ్లలో అదే మొదటిసారి.

"గిందుల మా బాపు లేడు బిడ్డా," అన్నాడు కూతురి చెవి దగ్గర.

"ఏంది?"

"పాట షురూ అయితదనంగ మా బాపు మోటరు బంద్ జేస్తుండె. ముందు సాంచెల మోత, ఎనుక గా మోత ఆగుడు, దాని ఎనుక పాట. ఇవి ఆగేది పాటకు కాదు. గా ఆగుడు చూసి ఆగుతయి. మీవోడు దాన్నే కడిగేసిండు."

దీపికకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. అంబదాస్ ఇంటికి పోయి టేప్‌రికార్డర్, ఒకే ఒక్క క్యాసెట్ తెచ్చాడు. దాని మీద ఎర్ర సిరాతో "ఖరాబ్" అని రాసి ఉంది. ఒకనాడు పాట అయిపోతుండగా తల్లి బుచ్చవ్వ అన్నానికి పిలిస్తే, ఆపే మీట నొక్కడం మరిచి టేప్‌రికార్డర్‌తోనే పోయి కూర్చున్నాడు. ఒక వైపంతా, అరగంట నిండా వాళ్లు తిన్న భోజనమే రికార్డయింది. ముప్పై ఏడేళ్లుగా ఆయన దాన్ని చెరపనూ లేదు, పారేయనూ లేదు.

నిషేధమని రాసిన తలుపు దాటి, టేప్‌రికార్డర్‌ను షెడ్డు నడుమ నేల మీద పెట్టి మీట నొక్కాడు.

నాలుగు సాంచెల మోత. టక్‌మని మోటరు ఆగిన చప్పుడు. తర్వాత సితారు.

ముందు వరుస ఆగింది. తర్వాత రెండోది, మూడోది. నిమిషంలో సంగీతం అయిపోయింది. అందరూ అలవాటుగా చేతులు సాంచెల మీదికి పోనిచ్చారు. సాంచెలు కదల్లేదు. టేపులో గిన్నెలు చప్పుడయ్యాయి. ఎవరో నీళ్లు తాగారు. "ఇంకో రొట్టె తిను కొడుకా. సాంచె యాడికి పోదు," అంది బుచ్చవ్వ.

కిష్టవ్వ నేల మీద చతికిలబడి సద్ది మూట విప్పింది. కట్టు కట్టిన చేయి ఒళ్లో పెట్టుకుని ఎడమచేత్తో మొదటి ముద్ద తీసుకుంది. ఆమె పక్కన, సంతకం పెట్టినవాళ్లలో ఒకడైన లక్ష్మణ్ కూర్చున్నాడు. తర్వాత ఆ పదకొండు మందిలో మిగతావాళ్లు, ఆ తర్వాత సంతకం పెట్టనివాళ్లు. మల్లేష్ అందరికన్నా ఆఖర్న, తల వంచుకుని కూర్చున్నాడు.

ఓంప్రకాశ్ మెయిన్ స్విచ్ ఆపి మళ్లీ వేశాడు. మోటర్లు తిరిగాయి, సాంచెలు తిరగలేదు. "లేవుండ్రి! ఒక్కొక్కన్ని బయట పడేస్త!" అని అరిచాడు. ఇన్నేళ్లూ మోత మాటున పెద్దగా తోచిన ఆ గొంతు, ఆ నిశ్శబ్దంలో ఎంత పీలగా ఉందో అందరూ విన్నారు.

"సేటూ, జర ఆగు," అన్నాడు లక్ష్మణ్ నోట్లో ముద్దతోనే. "బుచ్చవ్వ మాట్లాడుతున్నది."

అరగంటకు టేపు అయిపోయింది. సాంచెలు ఆడాయి.

మర్నాడు పన్నెండింటికి టేపు లేకుండానే ఆగాయి. ఆ మర్నాడూ అంతే. ఓంప్రకాశ్ భివండీ నుంచి మెకానిక్‌ను పిలిపించాడు. అతడు రెండు రోజులు విప్పి బిగించి, మూడోనాడు పన్నెండింటికి తన అన్నం డబ్బా తెచ్చుకుని కిష్టవ్వ పక్కన కూర్చున్నాడు. పదకొండు మందిని తీసేసే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కిష్టవ్వ ఇప్పుడు కూర్చుని తింటుంది. రెండు వేళ్లు మాత్రం మొలవలేదు.

వాడకట్టంతా దీపికను మెచ్చుకుంది. ఆమె కోపం ఇసుమంతైనా తగ్గలేదు.

"ముఖం గట్ల పెట్టినవేంది బిడ్డా? అరగంట వచ్చింది కదా," అన్నాడు అంబదాస్.

"ఇంక పదకొండున్నర గంటలున్నయి," అంటూ దీపిక పెట్టెను ముందుకు లాక్కుంది. "బాపూ, ఖరాబైనవి ఇంక ఎన్నున్నయి?"