ఇష్యూలో ఉన్నాయి

రెండువేల పద్దెనిమిది, ఆగస్టు పన్నెండు. సర్వపిండి. జమీందారు నవలను రాజలింగు ఆ తేదీతో, ఆ బియ్యప్పిండి రొట్టెతో గుర్తుపెట్టుకున్నాడు. తార్నాకలోని అద్దె ఇంట్లో వంటగది గడప మీద కూర్చుని అతను పైకి చదువుతుంటే, భార్య భారతమ్మ జమీందారును తిట్టడంలో పడి పిండి మాడబెట్టింది. ఇద్దరూ గీకి గీకి తిన్నారు. ఆమెకు చదువు రాదు. వినడం మాత్రం ఒళ్ళంతా చెవులు చేసుకుని వినేది.

ఇప్పుడు ఆ నవల మీదే దుమ్ము తుడుస్తున్నాడు. యూనివర్సిటీ లైబ్రరీలో అతనికిది ఆఖరి రోజు. ఏళ్ళ తరబడి ఎవరూ తీసుకోని నవలలన్నీ సాయంత్రానికల్లా గోనెసంచుల్లో కట్టెయ్యమని సెక్షన్ ఆఫీసర్ శశిభూషణ్ పొద్దున్నే చెప్పాడు. రేపు పాత కాగితాల ఆటో వస్తుంది. ఆ అరల్లో పోటీపరీక్షల గైడ్లు పెడతారు.

రాజలింగు ఒక్కో పుస్తకాన్నీ సంచి మూతి దాకా తెచ్చి ఆగిపోతున్నాడు. ఇది రష్యా నవల. పొడుగు పేర్లకు నోరు తిరగక భారతమ్మ అందరికీ గల్లీవాళ్ళ పేర్లు పెట్టేసింది. కిరాణాకొట్టు సమ్మయ్య మంచులో చనిపోయినప్పుడు ఇద్దరూ ఏడ్చారు. మర్నాడు పప్పుకని వెళ్ళి, కొట్లో అతన్ని చూసి ఊపిరి పీల్చుకున్నారు. ఇదేమో డిటెక్టివ్ నవల. హంతకుడెవరో మొదట్లోనే తెలిసిపోతుంది. అయినా సంచిలో వెయ్యబుద్ధి కాలేదు.

"నచ్చకుంటే ఏంది? తిట్టుకోను గూడ ఒకటుండాలె గద," అని గొణుక్కుంటూ లేచాడు.

నవలలన్నీ తోపుడుబండిలో పేర్చుకుని చదువుకునే హాల్లోకి తోశాడు. గైడు మీద కునికిపాట్లు పడుతున్న అమ్మాయి ముందు రష్యా నవల పెట్టాడు.

"బిడ్డా, నీ కార్డు మీద రాయించుకో."

"ఎగ్జామ్ ఉన్నది తాతా, టైం లేదు."

"సదవకు. రూముల పెట్టుకో. నిద్ర పట్టని నాడు తియ్యి. పేర్లు నోటికి రాకుంటే మీ హాస్టలోళ్ళ పేర్లు పెట్టు."

ఆ అమ్మాయి నవ్వి కార్డు తీసింది. డిటెక్టివ్ నవలను పక్క కుర్రాడికి అంటగట్టాడు. "శాన బేకార్ ఉన్నది. సదివి నాకంటె ఎక్కువ తిట్టు."

కౌంటర్లో స్వరూప ముద్రలు వేస్తూనే ఉంది. "మామా, సారు చూస్తే లొల్లి అయితది," అంది, చెయ్యి ఆపకుండా.

సాయంత్రం శశిభూషణ్ వచ్చేసరికి సంచుల మడత కూడా విప్పలేదు.

"పుస్తకాలేవి రాజలింగూ?"

"ఇష్యూల ఉన్నయి సార్."

"రిటైరయ్యే రోజున ఇదేం పనయ్యా?"

"ఇన్నేండ్లు మీరు చెప్పింది చేసిన. గిదొక్కటి చెయ్య."

శశిభూషణ్ అరకేసి చూశాడు. ఒక్క నవల మిగిలి ఉంది. దాని మధ్యలో తలపిన్ను.

"మరి దీన్నెందుకు వదిలేశావు?"

"గా పిన్నుదాక ఇన్నది మా ఆమె. తెల్లారి లేవలే. అవతల నేను గూడ సదవలే సార్. ఎవరికియ్యాల్నో సమజ్ కాలే."

శశిభూషణ్ అర దగ్గరికి నడిచాడు. నవల తీసి తన బల్ల మీద పెట్టుకున్నాడు.

"స్వరూపా, ఇది నా పేరు మీద రాయమ్మా." రాజలింగు వైపు తిరిగి అడిగాడు: "చదివాక, చివరికి ఏమైందో నీకు చెప్పమంటావా?"

"వద్దు సార్. పిన్ను మాత్రం పారెయ్యకున్రి."

తాళంచెవులు స్వరూప చేతిలో పెట్టి, టిఫిన్ డబ్బా పట్టుకుని రాజలింగు మెట్లు దిగాడు. తార్నాక వైపు వెళ్ళే దారిలో చెట్ల మధ్య అతని తెల్లచొక్కా కనుమరుగయ్యేదాకా ఆమె నిలబడింది. తర్వాత లైట్లు ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు వేసింది. లోపల సారు బల్ల మీద ఆ నవల, పేజీల్లోంచి బయటికి నిక్కి చూస్తున్న పిన్ను కొస.