మడ్‌గార్డు మీది మనిషి

శిరివెళ్ల దాటకముందే జీపు మళ్లీ పొంగింది. ముందు మడ్‌గార్డు మీద నీళ్లబిందె ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మారెన్న కిందికి దూకి, బానెట్ లేపి, తడి గోనెపట్ట చేతికి చుట్టుకున్నాడు. రేడియేటర్ మూత తిప్పగానే ఆవిరి బుస్సున లేచింది. ముఖం పక్కకు తిప్పుకోవడం అలవాటైన పనే. చెయ్యి మాత్రం తీసుకోవడానికి వీల్లేదు, మూత పట్టుకోవాల్సింది అదే కదా. గోనె సందులోంచి మరుగుతున్న నీళ్లు మణికట్టు మీద పడ్డాయి. అమ్మా అనుకున్నాడు గానీ పైకి అనలేదు.

"బేగా కానీరా. ఎండ మండతాండాది," అన్నాడు స్టీరింగ్ దగ్గర్నించి శ్రీకాంత్.

"పోస్తాండా సామీ."

ఆ జీపు శ్రీకాంత్ తాత మిలిటరీ వేలంలో కొన్నది. ఆళ్లగడ్డ చుట్టుపక్కల అప్పట్లో మోటారు బండంటే అదొక్కటేనని ఆ ఇంటివాళ్లు చెప్పుకుంటారు. కాదనగలిగినవాళ్లు ఇప్పుడెవరూ బతికి లేరు. కొన్న కొన్నేళ్లకే బండి పొంగడం మొదలుపెట్టింది. పూర్తిగా బాగుచేయించడం కంటే మనిషిని కూర్చోబెట్టడం చవక గనక, మారెన్న తాతను బిందెతో సహా మడ్‌గార్డు ఎక్కించారు. ఆ తర్వాత నాయన ఎక్కాడు. నాయన పోయాక మారెన్న వంతు వచ్చింది. ఆ ఇంట్లో పెళ్లయినా, ఎలక్షన్లో గెలిచినా జీపు మెరవణిలో ఊరేగాలి, ముందు నీళ్లమనిషి ఉండాలి. ఆరోజు కూలి ఉండదు. కొత్త తువ్వాల ఇస్తారు, బంతి చివర ఆకు వేస్తారు. చేనికి పోతే ఐదొందలు వచ్చే రోజున తువ్వాల భుజాన వేసుకుని ఇంటికి పోవడాన్ని మర్యాద అంటారని మారెన్నకు చిన్నప్పుడే నేర్పారు.

కాలి కాలి ఇప్పుడు అతని కుడిచేతి వేళ్లు రెండు ముడుచుకోవు. అది శ్రీకాంత్ కళ్లలో పడింది. తన కొడుకు పెళ్లి మాటల్లో పడి, చాలా సులువుగా ఒక మాట అనేశాడు.

"నీ చేత కావడంల్యా మారెన్నా. మెరవణికి మీ రవిని కూకోబెట్టు."

మారెన్న కొడుకు రవి ఆళ్లగడ్డలో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో పనిచేస్తాడు. వెంట్రుకంత తీగల్ని వేళ్లతో పట్టి అతికిస్తాడు. ఆ వేళ్లే వాడి తిండి. శ్రీకాంత్ మాట విన్నప్పటినుంచీ మారెన్నకు ముద్ద మింగుడు పడటం లేదు. మధ్యలో ఒక్కటే ఆశ కనపడింది. నిశ్చితార్థం నాడు జీపు నడిరోడ్డులో ఆగిపోయి, వియ్యాలవారు నవ్వారు. ఆ నవ్వు శ్రీకాంత్‌కు గట్టిగా గుచ్చుకుంది. మూడు తరాల చేతులు కాలినా గుర్తురాని రిపేరు అప్పుడు గుర్తొచ్చింది. ఇప్పుడీ ప్రయాణం అందుకే.

నంద్యాల బైపాసు పక్కన పాత రేడియేటర్లు బాగుచేసే జోసెఫ్ షాపు. కొత్త బండ్లకు అల్యూమినియం రేడియేటర్లు వస్తున్నాయి, పాడైతే తీసి పారేసి కొత్తది బిగిస్తారు. ఇత్తడీ రాగీ పని తెలిసినవాళ్లు తగ్గిపోయారు. శ్రీకాంత్ జీపు అప్పగించి, వెనకే వచ్చిన తన కారులో వెళ్లిపోయాడు. బండికి కాపలాగా మారెన్నను వదిలేశాడు.

జోసెఫ్ రేడియేటర్ విప్పి, పైట్యాంకు ఊడదీసి లోపల చూశాడు.

"ఇట్లా రా అన్నా. ఇది సూడు," అన్నాడు. "కారిన ట్యూబునల్లా టంకం పోసి మూసేసినారు. మిగిలినవాట్లో కాలవనీళ్ల బురద, సున్నం. నీళ్లు తిరిగేకి దావ యాడుండాది? పొంగక ఏం చేస్తాది?"

"అంటే నేను పోసిన నీళ్లు?"

"ఆ నీళ్లే దీన్ని చంపినాయి."

మారెన్నకు తన నాయన ఛాతీ మీద ఆవిరికి కాలిన తెల్లటి మచ్చలు గుర్తొచ్చాయి. ఇంతకాలం బండికి సేవ చేస్తున్నామనుకున్నారు.

పాత ట్యాంకులు ఉంచి, మధ్యలో ట్యూబులుండే కోరు కొత్తది వేయడానికి శ్రీకాంత్ ఫోన్‌లోనే ఒప్పుకున్నాడు. పద్నాలుగు వేలన్నా బేరమాడలేదు. మర్నాడంతా జోసెఫ్ టంకం పెడుతుంటే మారెన్న పొగకు దగ్గుతూ పక్కనే కూర్చున్నాడు. చెప్పకుండానే ఇది పట్టుకున్నాడు, అది అందించాడు. ఏ బండి పని మీదా అతనికి అంత మమకారం ఎప్పుడూ లేదు.

బిగించాక ఇద్దరూ పాణ్యం దాకా పోయి వచ్చారు. మారెన్న ముందుసీట్లో కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ జీపు సీటు అతని ఒంటికి తగలడం అదే మొదలు. దావపొడుగునా వేడి చూపించే ముల్లునే చూశాడు. అది సగం దగ్గరికి వచ్చి అక్కడే ఆగిపోయింది.

"ఇంక నీకు పని లేదన్నా," అన్నాడు జోసెఫ్.

"నాకు గాదప్పా, మావోనికి," అన్నాడు మారెన్న. చాలా రోజుల తర్వాత అతని గొంతులో కాస్త తేలిక.

ఆ మర్నాడు, పెళ్లిరోజు పొద్దున శ్రీకాంత్ నంద్యాల వచ్చి బండి తీసుకున్నాడు. ఎక్కడ కూర్చోవాలో అడగడానికి నోరు రాక మారెన్న మళ్లీ మడ్‌గార్డే ఎక్కాడు. ఆళ్లగడ్డ చేరేదాకా ఒక్కసారీ ఆగలేదు. బిందెలో నీళ్లు అలాగే ఉన్నాయి. ఇదే ఆఖరు అనుకుంటే నడుం నొప్పి కూడా తెలియలేదు.

సాయంత్రం పూలు కట్టిన జీపులో పెళ్లికొడుకు కూర్చున్నాడు. డప్పులవాళ్లు మొదలుపెట్టారు. శ్రీకాంత్ తల్లి సుబ్బలక్ష్మమ్మ పసుపు రాసిన నిండుబిందె ఎత్తుకొచ్చింది.

"రవి యాడ్రా?" అన్నాడు శ్రీకాంత్.

"ఇంక పొంగదు గదా సామీ. జోసెఫ్ చెప్పినాడు, నువ్వూ చూస్తివి."

"పొంగకపోతే ఏంది? మా తాత కాలం నుంచీ ముందర మనిషి ఉండాడు. వియ్యాలోళ్లంతా చూస్తాండారు. మూలమూలకూ ఆపి, రోంత నీళ్లు పోసినట్ల చేస్తే సాలు."

మారెన్నకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నిండుబిందె వైపు చూశాడు. బండి జబ్బు నయమైంది. వీళ్లకు కావలసింది మాత్రం నీళ్లు కాదు, ముందు కూర్చునే మనిషి.

"మావోడు రాడు సామీ."

"ఐతే నువ్వెక్కు."

అలవాటు కొద్దీ అతని కాలు లేచింది. ఈ ఒక్కసారికి ఎక్కితే గొడవ ఉండదు. కానీ రేపు తనకు చేతకానప్పుడు మళ్లీ రవి కోసమే వస్తారు, ఆ తర్వాత రవి కొడుకు కోసం. కాలు కింద పెట్టాడు.

"నేనూ ఎక్కను."

మెల్లగా అన్నాడు గనక డప్పులవాళ్లకు వినపడలేదు, వాయిస్తూనే ఉన్నారు. శ్రీకాంత్ ముఖం మాత్రం నల్లబడింది.

"రేపట్నుంచి ఎవురి చేనికి పోతావో సూస్తా."

భయం వేసింది. అయినా మారెన్న అక్కణ్నించి కదల్లేదు. శ్రీకాంత్ చుట్టూ ఉన్న కూలీల వైపు తిరిగి, "ఎవురన్నా ఎక్కండ్రా," అన్నాడు. ఒక్కొక్కరూ పక్కవాడి వైపు చూశారు.

"ఏంది నాయనా, మళ్లా పొంగిందా?" అని జీపులోంచి పెళ్లికొడుకు అడిగాడు.

పొంగలేదు. ఇంజిన్ చల్లగా తిరుగుతోంది. సుబ్బలక్ష్మమ్మ చేతులు బరువుకు లాగుతున్నాయి. నిండుబిందె పట్టుకుని ఆమె అటూ ఇటూ చూస్తోంది, అందుకోవడానికి ఎవరూ రావడం లేదు.